‘దేవ’: ఒక చిన్న మాట, పలు మతాలు, పలు అర్థాలు

5.1 ఉపోద్ఘాతం

పదాల అర్థాలు కాలక్రమంలో వ్యాపిస్తాయని, సంకోచిస్తాయని, ఒక్కొక్కప్పుడు ఉత్తమార్థం నుంచి హీనార్థానికి, హీనార్థం నుంచి ఉత్తమార్థానికి మారతాయని గత భాగంలో తెలుసుకున్నారు. అక్కడ ఇచ్చినవన్నీ తెలుగు ఉదాహరణలే. ఈ భాగంలో ఒకే ఒక్క మాటను తీసుకొని, అది వేర్వేరు భాషల్లో, వేర్వేరు మతాల్లో ఏమేమి అయిందో పరిశీలిద్దాం. ఆ మాట ‘దేవ’. ఉన్నవి రెండక్షరాలే. అయినా ఒకచోట పూజలందుకునేవాడికి పేరుగా, ఒకచోట చంపదగిన రాక్షసుడికి పేరుగా, ఒకచోట చావుపుట్టుకలున్న సామాన్య జీవికి పేరుగా, ఒకచోట రాజుకు సంబోధనగా ఈ మాట వాడుకలో ఉంది. తెలుగులో దీని సంతతిలో చేరిన ఒక మాట దేవుడు, ఇంకొక మాట దయ్యం.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక మతం వారు ఈ మాటకు ఇచ్చిన అర్థమే అసలైనదని, తక్కినవి దాని వికారాలని అనుకోకూడదు. భాషాశాస్త్రానికి కావలసింది ఎవరు, ఎప్పుడు, ఏ అర్థంలో వాడారు అన్నది మాత్రమే.

5.2 ధాతువు, దాయాదులు

సంస్కృతంలో ‘దివ్’ అనే ధాతువుకు ప్రకాశించు అనే అర్థం ఉంది. ఆకాశానికి ‘ద్యౌః’, పగటికి ‘దివసం’, సూర్యునికి ‘దివాకరుడు’ అనే పేర్లు ఈ వెలుగుకు సంబంధించినవే. ‘దేవ’ అంటే మొదట వెలిగేవాడు, ఆకాశంలో ఉండేవాడు. ఋగ్వేదంలో ఆకాశాన్ని తండ్రిగా భావించి ‘ద్యౌష్ పితర్’ అని పిలవడం కనిపిస్తుంది. గ్రీకుల జూస్, రోమన్ల జూపిటర్ పేర్లు దీనికి దాయాదులు. జూపిటర్‌లోని చివరి భాగం ‘పితర్’ అన్న మాటే.

‘దేవ’ శబ్దానికే నేరుగా సోదరులైన మాటలు లాటిన్‌లో ‘దేయుస్’, లిథువేనియన్‌లో ‘దియెవాస్’. ఫ్రెంచి ‘ద్యూ’, స్పానిష్ ‘దియోస్’ లాటిన్ నుంచి వచ్చాయి. స్పానిష్ వారు సెలవు తీసుకుంటూ చెప్పే ‘ఆదియోస్’లో ‘దేవునికి’ అనే అర్థం దాగి ఉంది. ఇంగ్లీషులో మంగళవారానికి ఉన్న ‘ట్యూస్‌డే’ అనే పేరు తీవ్ అనే పాత జర్మానిక్ దేవుడి పేరు మీద వచ్చింది. ఆ తీవ్ కూడా ఈ కుటుంబంలోని వాడే. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రతిపాదించిన తరువాత ఇటువంటి పోలికలను పద్ధతి ప్రకారం పరిశీలించడం మొదలైంది.

పద్ధతి ప్రకారం అనే మాట ఇక్కడ ముఖ్యం. చెవికి ఒకేలా వినిపించినంత మాత్రాన రెండు మాటలు చుట్టాలు కావు. గ్రీకులో దేవుడికి ‘థెయోస్’ అంటారు. లాటిన్ ‘దేయుస్’ పక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కాని సంస్కృత ‘ద’కారానికి గ్రీకులో ‘ద’కారమే రావాలి, ‘థ’కారం రాదు. కాబట్టి థెయోస్ మూలం వేరు. ఇంగ్లీషు ‘డెవిల్’ను కూడా చాలామంది ‘దేవ’కు ముడిపెడుతుంటారు. అదీ పొరపాటే. డెవిల్ గ్రీకు ‘దియాబొలోస్’ నుంచి వచ్చింది. ఆ మాటకు నిందలు మోపేవాడు, చాడీలు చెప్పేవాడు అని అర్థం. తెలుగు బైబిల్లో సాతానుకు ‘అపవాది’ అనే పేరు కనిపిస్తుంది. అపవాదం వేసేవాడు అపవాది. గ్రీకు మాటలోని ధాత్వర్థాన్ని ఇంత సూటిగా పట్టుకున్న అనువాదాలు చాలా తక్కువ.

మన దగ్గర కూడా ఇటువంటి చిక్కులున్నాయి. కృష్ణాజిల్లాలోని దివిసీమ పేరు విని స్వర్గం లాంటి సీమ అని వ్యాఖ్యానించేవారున్నారు. అక్కడి ‘దివి’ ద్వీప శబ్దం నుంచి వచ్చింది. కృష్ణానది పాయల మధ్య ఉన్న లంక కనుక ఆ పేరు. మాల్దీవులలోని ‘దీవి’ కూడా ద్వీపమే. అలాగే ‘దివ్వె’ దీప శబ్దానికి తద్భవం. వెలుగుతుంది కదా అని దాన్ని ‘దివ్’ ధాతువు కింద చేర్చకూడదు.

5.3 ఇరాన్‌లో తలకిందులైన అర్థం

పాత ఇరాన్ భాషల్లో పవిత్ర గ్రంథమైన అవెస్తా భాష ఋగ్వేద భాషకు చాలా దగ్గరిది. సంస్కృతంలో ‘స’ ఉన్నచోట అవెస్తాలో తరచు ‘హ’ వస్తుంది. సప్త - హప్త, సోమ - హఓమ, సింధు - హిందు. ఈ సూత్రం ప్రకారం ‘అసుర’ అవెస్తాలో ‘అహుర’ అవుతుంది. జరతుష్ట్ర మతంలో పరమేశ్వరుని పేరు అహుర మజ్దా. ‘దేవ’కు అవెస్తాలో ఉన్న రూపం ‘దఏవ’. దానికి అర్థం రాక్షసుడు, దుష్టశక్తి. మన అసురుడు వారికి దేవుడు, మన దేవుడు వారికి అసురుడు.

ఈ వింత ఎలా జరిగింది? పందొమ్మిదో శతాబ్దంలో పుణెలో సంస్కృతాచార్యుడిగా పనిచేసిన మార్టిన్ హాగ్ అనే జర్మన్ పండితుడు దీనికి ఒక సమాధానం చెప్పాడు. ఒకప్పుడు కలిసి ఉన్న జనం మతవిషయంలో గొడవపడి విడిపోయారని, ఒకరి దేవతలను ఇంకొకరు దయ్యాలుగా చేసుకున్నారని ఆయన ఊహ. వినడానికి కథ చక్కగా ఉంది. చాలా పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కాని ఆధారాలు అంత సులభంగా ఒదగవు. ఋగ్వేదంలోని పాత సూక్తాల్లో ‘అసుర’ తిట్టు కాదు. వరుణుడిని, అగ్నిని, సవితను, ఇంద్రుడిని సైతం గౌరవంగా అసురుడని పిలిచారు. అక్కడ దానికి ప్రభువు, శక్తిమంతుడు అనే అర్థం. అసురులంటే దేవతల శత్రువులనే అర్థం తరువాతి భాగాల్లో బలపడి, బ్రాహ్మణ గ్రంథాల కాలానికి స్థిరపడింది. అప్పుడు కూడా దేవతలూ అసురులూ ఇద్దరూ ప్రజాపతి సంతానమేనని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. భారతదేశంలో ‘అసుర’ దిగజారడం, ఇరాన్‌లో ‘దేవ’ దిగజారడం ఒకే దెబ్బతో జరిగినవి కావు. రెండు చోట్లా వేర్వేరుగా, క్రమంగా జరిగాయి.

ఇరాన్ వైపు ఆ క్రమం కొంతవరకు మన కళ్లకు కనిపిస్తుంది. జరతుష్ట్రుడివిగా చెప్పే గాథలలో దఏవలు పూర్తి రాక్షసులు కారు. మంచిచెడుల మధ్య ఎంపిక వచ్చినప్పుడు చెడును ఎంచుకున్న తప్పుడు దేవుళ్లు. వారిని కొలవకూడదు. అంతవరకే. తరువాతి కాలపు వెందీదాద్ గ్రంథానికి వచ్చేసరికి దఏవలు రోగాలను, అశుచిని, మరణాన్ని తెచ్చే భూతాలయ్యారు. ‘వెందీదాద్’ అనే పేరుకే దఏవలకు వ్యతిరేకమైన శాసనం అని అర్థం. అందులో తరిమికొట్టవలసిన దఏవల పేర్లలో ఇంద్ర, సఉర్వ, నాఓంహైత్య కనిపిస్తాయి. వీరు మన ఇంద్రుడు, శర్వుడు, నాసత్యుడు.

అయినా పాతవారినందరినీ వెళ్లగొట్టలేదు. మన మిత్రుడు అక్కడ ‘మిథ్ర’గా పూజ్యుడే. ఇంద్రునికి వృత్రహన్ అనే బిరుదుంది కదా, ఆ బిరుదు ‘వెరెథ్రఘ్న’ రూపంలో విజయాన్నిచ్చే దేవతగా గౌరవం పొందింది. మనిషిని నరకానికి పంపి, అతని బిరుదుకు గుడి కట్టినట్లయింది. క్రీ.పూ. పద్నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీ ప్రాంతపు హిట్టైట్ రాజుకు, మితన్ని రాజుకు మధ్య జరిగిన ఒక ఒప్పందంలో సాక్షులుగా మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులను పేర్కొన్నారు. ఆనాటికి వీరంతా ఒకే పంక్తిలో కూర్చున్నవారే.

మాటకు అర్థం మారితే ఏమవుతుంది అనే ప్రశ్నకు పెర్సెపోలిస్‌లో 1930లలో దొరికిన ఒక శాసనం జవాబు చెబుతుంది. పారశీక చక్రవర్తి క్షయార్షుడు (గ్రీకులు జెర్క్సీస్ అన్నవాడు, పాలన క్రీ.పూ. 486-465) తన రాజ్యంలో దైవలను పూజించే చోటు ఒకటుండేదని, దాన్ని ధ్వంసం చేశానని, ఇకపై దైవలను పూజించరాదని ఆజ్ఞాపించానని అందులో చెప్పుకున్నాడు. ఆ గుడి ఎక్కడిదో, అక్కడ ఎవరిని పూజించేవారో శాసనంలో లేదు. అక్కడ పూజించిన వారు తమ దేవుళ్లను ఏమని పిలుచుకున్నారో కూడా లేదు. రాజు వారిని ‘దైవలు’ అన్నాడు. ఆ పేరుతో ధ్వంసం పుణ్యకార్యమైపోయింది. ఒకరి ఆరాధ్యుడికి ఇంకొకరు పెట్టే పేరు నిఘంటువులో ఆగిపోయే విషయం కాదని గ్రహించడానికి ఈ ఉదాహరణ చాలు.

ఇస్లాం వచ్చాక కూడా పారశీక భాషలో ఈ మాట ‘దేవ్’, ‘దీవ్’ అనే రూపాల్లో నిలిచింది. ఫిరదౌసి షానామాలో రుస్తుం చంపిన మాజందరాన్ తెల్ల రాక్షసుడి పేరు ‘దీవె సఫీద్’. దేవ్ ఆవహించిన వాడు ‘దీవానా’, అంటే పిచ్చివాడు. ఆ మాట ఉర్దూలోకి, అక్కడి నుంచి హిందీ సినిమా పాటల్లోకి వచ్చి ప్రేమపిచ్చివాడనే అర్థంలో మనకూ తెలిసింది. మన ‘దివాణం’ మాత్రం వేరు. అది రాతకు, లెక్కల కచేరీకి సంబంధించిన ‘దీవాన్’ నుంచి వచ్చింది. గుమాస్తాల చురుకు చూసి ఒక పారశీక రాజు వీళ్లు దేవ్‌లని అన్నాడని, అందుకే కచేరీకి ఆ పేరు వచ్చిందని ఒక పాత కథ ఉంది. కథగా బాగుంటుంది, వ్యుత్పత్తిగా చెల్లదు.

‘దేవ’ను వదులుకున్న ఇరానీయులు దేవుడికి ఏ మాట వాడారు? పాత పారశీకంలో ‘బగ’. ఇది సంస్కృత ‘భగ’కు సమానం. మన ‘భగవంతుడు’ ఆ మాట నుంచి వచ్చినవాడే. రష్యన్ తదితర స్లావ్ భాషల్లో దేవుడికి ‘బోగ్’ అంటారు. అది కూడా ఈ వరుసలోనిదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లాటిన్ ‘దేయుస్’కు ‘దేవ’ శబ్దంతో ఉన్న సంబంధం గ్రీకు ‘థెయోస్’కు ఎందుకు లేదు? నాలుగు వాక్యాల్లో రాయండి.

5.4 బౌద్ధ, జైనాలలో దేవతలు

బౌద్ధం దేవతలను కాదనలేదు, తిట్టలేదు. ఉద్యోగం తగ్గించింది. పాలి సాహిత్యంలో దేవతలు మంచి కర్మఫలంగా పైలోకాల్లో పుట్టిన జీవులు. ఆ ఫలం తీరగానే మళ్లీ పుట్టవలసిందే. దేవుడికి చావు దగ్గరపడితే ఐదు గుర్తులు కనిపిస్తాయని ఇతివుత్తకం చెబుతుంది. మెడలోని పూలదండలు వాడిపోతాయి, బట్టలు మాస్తాయి, చంకల్లో చెమట పడుతుంది, ఒంటి కాంతి తగ్గుతుంది, తన ఆసనం మీద తనకే ఇష్టం పోతుంది. మన పురాణాల్లో అనిమిషులని, చెమట పట్టనివారని వర్ణించిన దేవతలకు చంకల్లో చెమట పట్టించడం యాదృచ్ఛికం కాదు. ఇక్కడ దేవతలు మోక్షమిచ్చేవారు కారు, మోక్షం కోరేవారు. బుద్ధుడికి దేవమనుష్యులకు గురువు అనే విశేషణం ఉంది. ఇంద్రుడు ‘సక్క’ అనే పేరుతో ఆయన దగ్గరికి సందేహాలు అడగడానికి వస్తాడు.

జైనంలోనూ దేవజన్మ నాలుగు గతులలో ఒకటి మాత్రమే. మోక్షానికి మనిషిగా పుట్టి తీరాలి. దేవతలు భవనవాసులు, వ్యంతరులు, జ్యోతిష్కులు, వైమానికులు అని నాలుగు రకాలు. వీరిలో భవనవాసులలో ఒక తెగ పేరు అసురకుమారులు. అంటే జైన వర్గీకరణలో అసురుడు దేవుడికి విరోధి కాదు, దేవతల్లో ఒక రకం. ఇరాన్‌లో తలకిందులై, వైదికంలో ఎదురెదురుగా నిలిచిన రెండు మాటలు ఇక్కడ ఒకే ఇంట్లో ఉన్నాయి.

5.5 రాజులు, శాసనాలు, ఒక తిట్టు

కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాల్లో రాజును ‘దేవానంపియ’ అన్నారు. దేవతలకు ప్రియమైనవాడని అర్థం. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు ఈ దేవానంపియుడు ఎవరో తెలియలేదు. ఆ బిరుదు శ్రీలంక రాజుకు కూడా ఉండటంతో మొదట అటువైపు ఆలోచన పోయింది. శ్రీలంక పాలి గ్రంథాల సాయంతో జార్జ్ టర్నర్ ఇతడు అశోకుడని గుర్తించాడు. అప్పటి హైదరాబాదు రాజ్యంలోని రాయచూరు జిల్లా మస్కిలో 1915లో దొరికిన శాసనంలో బిరుదు పక్కనే అశోకుని పేరు కనిపించడంతో ఆ గుర్తింపు ధ్రువపడింది.

ఇంత గొప్ప బిరుదు తరువాతి సంస్కృతంలో తిట్టుగా మారింది. వ్యాకరణంలో అలుక్సమాసం చదివినవారికి ‘దేవానాంప్రియః’ పరిచయమే. సమాసమైనా షష్ఠీ విభక్తి లోపించదు. పతంజలి మహాభాష్యంలో దీన్ని మర్యాద మాటగానే వాడాడు. పదిహేడో శతాబ్దపు భట్టోజీ దీక్షితుల సిద్ధాంతకౌముదికి వచ్చేసరికి దీనికి మూర్ఖుడనే అర్థం చెప్పారు. బౌద్ధ రాజు మీద కోపంతో పండితులు ఇలా చేశారని కొందరంటారు. అది అసాధ్యమేమీ కాదు. కాని ‘అమాయక చక్రవర్తి’ అని మనం ఎవరినైనా వెక్కిరించినట్లు, ఏ పెద్ద బిరుదైనా ఎత్తిపొడుపులోకి జారగలదు. ఇంత మార్పును ఒక్క ద్వేషానికే ఆపాదించడానికి ఆధారాలు చాలవనిపిస్తుంది.

రాజును ‘దేవ’ అని, రాణిని ‘దేవి’ అని సంబోధించడం సంస్కృత నాటకాల్లో మామూలు. కాకతీయ రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. సింహాసనం మీద కూర్చున్నది స్త్రీ అయినా బిరుదు పుంలింగంలో ఉంది. ‘దేవి’ అంటే రాణి, ‘దేవ’ అంటే పాలకుడు అన్న తేడా అక్కడ పనిచేసింది.

5.6 తెలుగులో

తెలుగు ద్రావిడ భాష. ‘దేవ’ మనకు అరువు మాట. దేవుడికి అచ్చతెలుగు మాట ‘వేలుపు’. ఇది హోమం చేయు అనే అర్థమున్న ‘వేల్చు’ క్రియకు సంబంధించినది. అంటే సంస్కృతం దేవుణ్ణి వెలుగుతో గుర్తిస్తే, తెలుగు ఆయనకు ఇచ్చే ఆహుతితో గుర్తించింది. వాడుకలో ఇప్పుడు వేలుపు ‘ఇలవేలుపు’లో తప్ప పెద్దగా వినిపించదు. అరువు మాట ఇంటి మాటను పక్కకు నెట్టింది.

అరువు వచ్చిన మాట ఊరుకోలేదు. ‘దేవత’ సంస్కృతంలో స్త్రీలింగ పదమైనా పురుష దేవుళ్లకూ చెల్లుతుంది. తెలుగులో ఏకవచనంలో ‘దేవత’ అంటే స్త్రీయే గుర్తుకు వస్తుంది. బహువచనంలో ‘దేవతలు’ అంటే మళ్లీ ఇద్దరూ. ‘దేవర’ ప్రభువుకు సంబోధన. రాయలసీమలో ‘దేవర చేస్తున్నారు’ అంటే గ్రామదేవతకు జాతర చేస్తున్నారని అర్థం. సంస్కృతంలో భర్త తమ్ముడిని చెప్పే ‘దేవర’ అనే మాట వేరు. దానికి దేవుడితో సంబంధం లేదు. ‘దేవదాసి’ అనే సమాసంలో ధాత్వర్థం దేవుని సేవకురాలు. ఆ పేరుతో ఆడపిల్లలకు జరిగిన అన్యాయం ఎంతటిదంటే, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఆ సమర్పణనే నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. సమాసాన్ని విడదీస్తే అర్థం తెలుస్తుంది, బతుకు తెలియదు.

‘దైవం’ ‘దేవ’ నుంచి ఏర్పడిన మాట. దేవతలకు సంబంధించినది అని దాని అర్థం. అందుకే దానికి విధి అనే అర్థం కూడా వచ్చింది. దైవాధీనం, దైవవశాత్తు అంటాం. దైవజ్ఞుడు జ్యోతిష్కుడు, అంటే విధి తెలిసినవాడు. ఈ ‘దైవం’ తెలుగు నోటిలో అరిగి ‘దయ్యం’ అయింది. పాత తెలుగు కావ్యాల్లో దయ్యమంటే దేవుడే. సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన నిఘంటువులో ‘దయ్యము’ను దైవ శబ్దం కిందికే చేర్చి, దేవుడు, భూతం అనే రెండర్థాలూ ఇచ్చాడు. ఇప్పుడు మొదటి అర్థం పూర్తిగా పోయింది. తత్సమం గుడిలో ఉంది, తద్భవం చింతచెట్టు మీద ఉంది.

ఇది ఇరాన్ ప్రభావం కాదు. అక్కడ మారింది ‘దేవ’, ఇక్కడ మారింది ‘దైవం’. రెండింటి మధ్య వేల ఏళ్ల దూరముంది. పొరుగు భాషలు చూస్తే కారణం కొంత తెలుస్తుంది. కన్నడంలో ‘దెవ్వ’ అంటే మనలాగే భూతం. తమిళంలో ‘తెయ్వం’ దేవుడుగానే మిగిలింది. ఉత్తర కేరళలో ‘తెయ్యం’ అంటే దేవత మనిషిని ఆవహించే ఆరాధన, ఆ ఆవహించిన దేవత కూడా. తుళునాడులో ‘దైవ’ అంటే భూతారాధనలో పూజలందుకునే స్థానిక దేవత. 2022లో వచ్చిన కన్నడ చిత్రం ‘కాంతారా’ చూసిన తెలుగువారిలో కొందరు అందులోని దైవం దేవుడా, దయ్యమా అని అడిగారు. తుళువులకు ఆ ప్రశ్న పుట్టదు. ఒంటి మీదికి వచ్చే ఊరి దేవత, గుడిలోని పెద్ద దేవుడు రెండు వర్గాలుగా విడిపోయినచోట పాతమాట కిందివర్గానికి దక్కిందని, విడిపోనిచోట గౌరవంతో నిలిచిందని ఊహించవచ్చు. అలా చూస్తే ‘దయ్యం’ అనే మాటలో కొందరి ఇలవేలుపుల పాత హోదా కూడా దాగి ఉండవచ్చు.

ఇటువంటి ప్రశ్న ‘అసుర’ విషయంలో ఇంకా సూటిగా ఉంది. జార్ఖండ్‌లో ఇనుము కరిగించే వృత్తికి పేరుపొందిన ఒక ఆదివాసీ తెగ పేరు ‘అసుర్’. ముండా కుటుంబానికి చెందిన వారి భాష అంతరించే ప్రమాదంలో ఉంది. ఆ తెగ పిల్లవాడు బడిలో పురాణకథ చదువుతున్నప్పుడు, అందులో చంపబడేవాడి జాతి పేరు, హాజరు పట్టీలో తన పేరు చివర ఉన్న మాట ఒకటే.

5.7 అనువాదకుల ఎంపికలు

తెలుగులో బైబిల్ అనువాదకులకు ఈ మాటతో నేరుగా పని పడింది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆనందరాయర్ సాయంతో చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఏకేశ్వరుణ్ణి చెప్పడానికి అనేక దేవతలున్న సంప్రదాయపు మాటను వాడవచ్చా అన్నది అనువాదంలో పెద్ద చిక్కు. కొత్త మాట సృష్టిస్తే ఎవరికీ అర్థం కాదు, ఉన్న మాట తీసుకుంటే పాత అర్థాలు వెంట వస్తాయి. నేటి తెలుగు బైబిల్లో స్థిరపడినది ‘దేవుడు’. హీబ్రూ వ్యక్తినామానికి ‘యెహోవా’ను ఉంచారు. కతోలికులు ‘సర్వేశ్వరుడు’ అనే మాటను కూడా విరివిగా వాడతారు. ఏకవచనంలోని ‘డు’ ప్రత్యయం ఒక్కడనే భావానికి సాయపడింది. ‘దేవతలు’ అన్న బహువచనం ఇతరుల దేవుళ్లకు మిగిలింది. తెలుగు ముస్లిములు అల్లాహ్ అనే పేరును అలాగే ఉంచుకొని, ‘దైవప్రవక్త’, ‘దైవదూత’ వంటి సమాసాల్లో ‘దైవం’ను చేర్చుకున్నారు. పారశీకంలో ఇస్లాం వెంట నడిచిన ‘దేవ్’ రాక్షసుడు. తెలుగులో ఇస్లాం వెంట నడుస్తున్న ‘దైవం’ పరమపవిత్రం. మతం ఒకటే, మాట మూలం ఒకటే, భాష మారింది.

శతాబ్దాలుగా యూరప్‌లో, దాని చుట్టుపక్కల తిరుగుతున్న రోమానీ ప్రజల భాష మూలాలు భారతదేశంలో ఉన్నాయి. వారిలో క్రైస్తవులు, ముస్లిములు ఇద్దరూ ఉన్నారు. వారు ఇప్పటికీ దేవుణ్ణి ‘దెవెల్’ అని పిలుస్తారు. ఇంగ్లీషు చెవికి అది దాదాపు ‘డెవిల్’లా వినిపిస్తుంది. ప్రార్థిస్తున్న మనిషి నోటి నుంచి వచ్చిన ఆ మాటను పక్కనున్నవాడు ఏమని అర్థం చేసుకొని ఉంటాడో ఆలోచించండి.

అభ్యాసం: మీ ప్రాంతంలో గ్రామదేవతలకు, ఇలవేలుపులకు, భూతాలకు వాడే మాటలను ఇంట్లోని పెద్దలను అడిగి సేకరించండి. ఒకే మాటను ఒకరు భక్తితో, ఇంకొకరు భయంతో వాడుతున్న సందర్భం కనిపిస్తే, ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారో వేర్వేరుగా నమోదు చేయండి. మీ అభిప్రాయాన్ని నమోదులో కలపకుండా విడిగా రాయండి.